ముడుచుకునే చోటు

కార్మక్ మళ్లీ వచ్చాడు, తడిసిన బూట్లతో,
లెటర్‌కెన్నీ దారిలో నా రేకుల షెడ్డుకి.
వెంట ఎర్ర స్టార్లెట్, వాడికన్నా పదేళ్లు పెద్దది.
"మూలమూలా అతికించు నూలా,
మలుపులో ఒళ్లు విరుచుకుంటోంది."

నిజమే.
వెనక చక్రం దగ్గర జాకీ పెట్టి లేపితే
డ్రైవర్ తలుపు గొళ్లెం పడదు.
నానిన అట్టపెట్టెలా మెలితిరుగుతుంది బండి.
స్ప్రింగులకి బిగువు కొన్నాడు, టైర్లకి పట్టు కొన్నాడు,
వాటికి ఆనుకోడానికే ఏమీ లేదు.
పునాది కదిలే ఇంటికి కొత్త కిటికీలు.

సరే అన్నాను.
గుమ్మాల కింద, నేల అంచుల వెంట,
వెనక సస్పెన్షన్ గూళ్ల చుట్టూ,
రెండంగుళాలు అతుకు, రెండంగుళాలు ఖాళీ.
మూడు రోజులు, మూడు రాత్రుల వాన.

"ముందు కూడా" అన్నాడు,
బానెట్ ఎత్తి, ఇంజిన్‌కి అటూ ఇటూ
పొడుగ్గా పోయే రెండు పెట్టెకమ్మీలు చూపిస్తూ.

అక్కడ నా చెయ్యి ఆగింది.

చూడు, వీటి మీద నొక్కులున్నాయి,
ఎవరో అజాగ్రత్తగా పడేస్తే సొట్టపడ్డట్టు.
సొట్ట కాదురా.
నీ ముఖం ఎరగని ఇంజినీరొకడు
ముందు ఇక్కడ మడవాలి, తర్వాత ఇక్కడ, అని
నీ కోసం గుర్తు పెట్టి పోయాడు.
మొక్కై వంగనిది మానై వంగునా అంటారు.
ఈ ఇనుముకి బతుకంతా కలిపి
ఒక్కసారే వంగే పని.
దాన్నీ మరిపించమంటావు నన్ను.

ఇది ముడుచుకోకపోతే
ముడుచుకునే వంతు నీది.

నవ్వాడు. "అయితే కేజ్ వెయ్యి.
గొట్టాల గూట్లో కూర్చుంటే ఏమవుతుంది?"

పాలడబ్బా కోసం హెల్మెట్ పెట్టుకుని వెళ్తావా?
తలకి జానెడు దూరంలో గొట్టం.
రేసు ట్రాక్ మీద కవచం,
ఉత్త తలకి సుత్తి.
పైగా వెనక సీటు పీకేస్తే
సోమవారాలు నీ మేనకోడల్ని
బడి నుంచి ఎక్కడ కూర్చోబెట్టి తెస్తావు?

ఇంకో మాట ఉంది, చెప్పలేదు.
నా బెల్టుకి పేజర్ ఎందుకుందో ఊరందరికీ తెలుసు.
పగలు అతికిస్తాను.
అది మోగితే ఫైరింజన్ ఎక్కి
కోస్తాను.
ఆరేళ్ల కింద, బంగాళాదుంప చేల మలుపులో,
నీలం హోండా ఒకటి.
లోపలి గొట్టాలు చెక్కుచెదరలేదు.
తలుపు రాలేదు, పైకప్పు రాలేదు,
హైడ్రాలిక్ కత్తెర జారి, జారి,
నాలుగో కాటుకి తెగింది గొట్టం.
లైటు వేసి చూశాను తెగినచోట.
నాణేలు ఒకదాని మీదొకటి వాల్చినట్టు
తీరైన అతుకు.
తన చేతిరాత పోల్చుకోడానికి
ఎవరికైనా సంతకం కావాలా?

బండి ఎంత గట్టిగా నిలబడిందంటే
అందులో కదిలింది
కుర్రాడొక్కడే.

కార్మక్ టీ ఊదుకుంటున్నాడు.
చాక్‌పీసుతో ఇంజిన్ వెనక గోడ మీద గీత గీశాను.
దీనికి ఇవతల ఎంతైనా బిగిస్తాను,
అవతల తుప్పు తుడిచి రంగేస్తాను, అంతే.
"డెర్రీలో చేసేవాళ్లున్నారు" అన్నాడు.
ఉంటారు, అన్నాను.

సాయంత్రం జాకీ ఎత్తి చూపించాను.
తలుపు టక్కుమని మూసుకుంది.
వాడి ముఖం చూడాలి అప్పుడు!
ఇంకోసారి తెరిచాడు, మూశాడు,
ఇంకోసారి.
ముందు సంగతి ఎత్తలేదు.
డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి
వానలోకి మెల్లగానే పోయాడు,
మలుపు దాటేదాకా మెల్లగానే.

తర్వాత ఇంజిన్ మోత వినిపించింది.
షెడ్డు లైటు ఆర్పేసి
పేజర్‌కి బ్యాటరీ మార్చాను.